హెచ్ఎల్ఏ-బీ27 రిపోర్టు కింద తెలుగులో రెండు ముక్కలు రాయాలి

సంపాదకులకు నమస్కారం.

నడుం నొప్పికి హెచ్ఎల్ఏ-బీ27 అనే రక్తపరీక్ష రాయడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ మామూలైంది. ఫలితం ఒక్క కాగితం. పేరు, వయసు, కింద లావుపాటి అక్షరాల్లో ‘పాజిటివ్’. దాని అర్థమేమిటో చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. కోవిడ్ వచ్చిపోయాక పాజిటివ్ అంటే జబ్బేనని ఇంటింటా నాటుకుపోయింది. అందుకే అన్నకు పాజిటివ్ రాగానే ఏ నొప్పీ లేని చెల్లెలికీ పరీక్ష చేయిస్తారు. ఆమెకూ అదే మాట వస్తే సంబంధాలు చూడటం ఆపేస్తారు. ఆ పిల్లకు జరుగుతున్నది పచ్చి అన్యాయం.

బీ27 పుట్టుకతో వచ్చే గుర్తు, బ్లడ్ గ్రూపు లాంటిది. మన 6వ క్రోమోజోము మీద హెచ్ఎల్ఏ జన్యువుల గుంపు ఉంది. కణం లోపలి ప్రొటీన్ ముక్కలను పైకి తెచ్చి, కాపలా తిరిగే టీ కణాలకు చూపించడం వీటి పని. ఈ జన్యువులు మనిషికీ మనిషికీ తేడాగా ఉంటాయి. ఏ ముక్క గట్టిగా పట్టుబడుతుంది, ఏది జారిపోతుంది అన్నది ఆ తేడాను బట్టే ఉంటుంది. కొన్ని రకాలున్న వాళ్ళలో రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే అవకాశం పెరుగుతుంది. వెన్నుపూసలు బిగుసుకుపోయే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్‌కూ బీ27కూ ఉన్న లంకె 1973లోనే బయటపడింది. ఆ జబ్బున్న వాళ్ళలో ఎక్కువమందికి బీ27 ఉంటుంది, ఐరోపాలోనైతే నూటికి 90 మంది దాకా. ఈ లెక్కను తిరగేసి చదవడంతోనే చిక్కంతా వచ్చిపడింది. బీ27 ఉన్న వందమందిని వరసగా నిలబెడితే వాళ్ళలో జబ్బు వచ్చేది మహా అయితే ఐదుగురికి. తల్లికో తండ్రికో తోబుట్టువుకో జబ్బుంటే ఆ లెక్క 10 నుంచి 20 దాకా పోతుంది. అంటే ఆ చెల్లెలి విషయంలోనూ రాకపోవడానికే ఎక్కువ అవకాశం.

మేనరికం చేసినందుకే వచ్చిందని పెద్దల మీద నింద వేయడమూ సరికాదు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం కలిస్తేనే పైకి తేలే జబ్బులకు మేనరికం ముప్పు పెంచుతుంది. ఏఐఆర్ఈ అనే జన్యువు చెడి వచ్చే అరుదైన ఆటోఇమ్యూన్ జబ్బు (రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) సాధారణంగా ఆ కోవకే చెందుతుంది. బీ27 దారి వేరు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జన్యువు ప్రతి (కాపీ) ఒకటి ఉంటే, సంబంధం మేనరికమైనా బయటిదైనా, బిడ్డకు అందే అవకాశం సగానికి సగం.

మన ప్రాంతానికి ఇంకో తిప్పలుంది. 1937లో, నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఎముకల ఫ్లోరోసిస్ గురించి వైద్యులు రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. నేటికీ కనిగిరి, పొదిలి వైపు నడుం బిగిసిందంటే బోరు నీళ్ళదే పాపమంటారు. చాలాసార్లు నిజమే. కానీ ఆ మాట చాటున ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళ స్పాండిలైటిస్ ఏళ్ళ తరబడి మరుగున పడుతోంది.

నొప్పి తీరును అడిగితే సగం తెలుస్తుంది. నలభై దాటకముందే మొదలై మూడు నెలలు వదలకపోవడం, తెల్లవారుజామున నిద్రలేపడం, లేచాక లుంగీ కట్టుకోవడానికి కూడా వంగనివ్వకుండా అరగంటకు పైగా నడుం కొయ్యబారడం, నాలుగడుగులు వేసి పనిలో పడితే సడలడం, నడుం వాలిస్తే మళ్ళీ బిగియడం ఈ జబ్బు లక్షణాలు. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. బీ27 పరీక్ష ఇలాంటివారికి రాయాలి. ఫ్లోరోసిస్ ముదిరితే ఎక్స్‌రేలో ఎముక సుద్దముక్కలా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొరకు సున్నం పడుతుంది. కాబట్టి నడుముతో పాటు ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయిస్తే తక్కువ ఖర్చుతో చాలా చిక్కు విడిపోతుంది. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చన్నది మాత్రం మరవకూడదు.

స్పాండిలైటిస్‌లో సాధారణంగా మొదట చెడేది పిరుదుల పైన, వెన్ను అడుగున ఉండే శాక్రోఇలియాక్ కీలు. ఎక్స్‌రేలో ఆ మార్పు తేలడానికి ఏళ్ళు పడుతుంది, ముందే పట్టాలంటే ఎమ్మారై తీయాలి. ఇక్కడే పేదవాళ్ళ డబ్బు వేలకు వేలు వృథా అవుతోంది. చీటీ మీద ‘నడుము ఎమ్మారై’ అని రాస్తే నడుం పూసలు తీసి ఊరుకుంటారు. డిస్కు కాస్త జరిగిందని రిపోర్టు వస్తుంది. అసలు చూడాల్సిన కీలు ఆ ఫిల్ములో సరిగా పడదు. ‘శాక్రోఇలియాక్ కీళ్ళు, స్టిర్ సీక్వెన్సుతో’ అని అడిగి రాయించుకోవాలి. స్టిర్ అంటే కీలులోని వాపు కనిపించేలా ఎమ్మారై తీసే తీరు. మామూలుగా కాంట్రాస్టు సూది అక్కర్లేదు.

రక్తపరీక్ష సంగతి. పరగడుపున వెళ్ళే పని లేదు. జన్యువు మారదు కాబట్టి సరిగా చేస్తే జన్మకొక్కసారి చాలు, ఆసుపత్రి మారినప్పుడల్లా మళ్ళీ చేయించడం దండగ. రక్తకణాల మీది బీ27 ప్రొటీన్‌ను వెతికే ఫ్లో సైటోమెట్రీ పద్ధతికి కణాలు బతికి ఉండాలి. పల్లెలో తీసిన రక్తం రెండు మూడు రోజులు ఎండలో ప్రయాణం చేసి చెన్నైకో హైదరాబాదుకో చేరితే ఆ ఫలితాన్ని నమ్మలేం. పైగా ఈ పద్ధతిలో బీ7 అనే దగ్గరి చుట్టం కూడా బీ27లా అగుపించి తప్పుడు పాజిటివ్ ఇస్తుంది. డీఎన్ఏను చూసే పీసీఆర్ మేలు. ఏ పద్ధతిలో చేశారో రిపోర్టులో ఉండి తీరాలి. ఇక నెగటివ్ వచ్చినా, ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు నార్మల్‌గా ఉన్నా జబ్బు లేదని తేల్చేయలేం. ఈలోగా ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగితే వెన్నుకు ఒరిగేదేమీ లేదు, ఎముక గుల్లబారుతుంది, షుగరు పెరుగుతుంది.

జన్యు పరీక్షల ప్యాకేజీలను కూడా ఇలాగే చూడాలి. వాటి వెనకున్న లెక్కలు ఎక్కువగా ఐరోపా జనానివి. అక్కడ రుమటాయిడ్ కీళ్ళవాతానికి ముఖ్యమని చెప్పే పీటీపీఎన్22 అనే జన్యువులోని మార్పు మనవాళ్ళలో చాలా అరుదు. పొగాకు పండే నేల కాబట్టి ఇంకొక్కటి చెప్పక తప్పదు. హెచ్ఎల్ఏ గుంపులోనిదే అయిన డీఆర్‌బీ1 జన్యువులో ముప్పు పెంచే రకం రెండు ప్రతులూ ఉండి, పొగ కూడా తాగేవారికి యాంటీ-సీసీపీ (రక్తంలో కనిపించే ఒక యాంటీబాడీ) పాజిటివ్ రుమటాయిడ్ ముప్పు, ఆ రెండూ లేనివారి కంటే 21 రెట్లని 2006లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. జన్యువును మార్చుకోలేం, సిగరెట్టు మానగలం. వేలు పోసి ప్యాకేజీ చేయించుకోకముందే చేయగలిగిన పని అది.

ల్యాబుల రిజిస్ట్రేషన్ చూసే జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు రెండు విన్నపాలు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నెలకొక రోజైనా కీళ్ళవాత నిపుణులు కూర్చునే ఏర్పాటు చేయండి. రెండోది వెంటనే చేయగలిగినది. బీ27 రిపోర్టు ప్రతిదాని కింద ఈ రెండు వాక్యాలు తెలుగులో అచ్చువేయమని ల్యాబులను ఆదేశించండి: ‘ఇది పుట్టుకతో వచ్చే జన్యు గుర్తు, దీన్నిబట్టి జబ్బు ఉందని చెప్పలేం. ఈ గుర్తు ఉన్న నూరుమందిలో 90 మందికి పైగా ఈ వెన్ను జబ్బు రాదు.’

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా