బ్రాడ్ వెనక వైపు కూడా చూపించండి

సంపాదకులకు నమస్కారం.

చేతితో చేసే గ్రీటింగ్ కార్డులు, స్క్రాప్‌బుక్‌ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. ఫొటోలు ఇంకా బాగున్నాయి. అయితే మెరిసే లోహపు బ్రాడ్‌ల (కాగితంలో గుచ్చి, వెనక రెండు కాళ్లనూ విప్పి బిగించే చిన్న మేకుల) దగ్గరికి వచ్చేసరికి 'చివరగా నాలుగు మూలలా బ్రాడ్‌లు గుచ్చి అలంకరించండి' అని ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. ఆ వాక్యాన్ని నమ్ముకుని పనిలోకి దిగితే కార్డు పాడవుతుంది. అంతా అతికించాక చివర్లో గుచ్చితే, కాళ్లు కార్డు లోపలి వైపుకి వచ్చి, శుభాకాంక్షలు రాయాల్సిన చోట పరుచుకుంటాయి. పల్చటి కాగితాన్ని నాలుగు మూలలా బిగిస్తే మధ్యలో ఉబ్బుతుంది. ఈ రెండూ జరిగాక సరిదిద్దుకునే వీలుండదు, పడ్డ రంధ్రం పూడదు కదా.

బ్రాడ్ పుట్టింది అలంకారం కోసం కాదు. ఆఫీసు కాగితాలను కలిపి పట్టుకోవడానికి. జార్జ్ మెక్‌గిల్ అనే ఆయన వంగే ఇత్తడి కాళ్ల బిగింపుకు 1866లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాత తల మీద రంగు, ఎనామిల్, ముత్యం, పువ్వు, అక్షరం ఎన్ని వచ్చి చేరినా పనితీరు మాత్రం అదే: ఒక తల, రెండు కాళ్లు, మధ్యలో కాగితం. అందుకే దీన్ని ముందు జోడింపుగా చూడాలి, తర్వాతే అలంకారంగా. ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు కార్డు ముఖం ఫొటో పక్కనే వెనక వైపు ఫొటో కూడా ఒకటి వేయండి. వాడిన కాగితం ఎన్ని జీఎస్ఎందో (అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో), రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లదో కూడా రాయండి. నేర్చుకునేవాళ్లకు అసలు అవసరమైనవి అవే.

రంధ్రం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చిన్న బ్రాడ్ తల వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు. దానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం చాలు. కాళ్లు వెడల్పుగా ఉండే పెద్ద రకాలకు 3 మిల్లీమీటర్లు కావాలి. కాళ్లు కొంచెం బిగువుగా దిగాలి, వదులుగా జారిపోకూడదు. ఇంట్లో ఉంది కదా అని ఫైళ్లకు రంధ్రాలు వేసే ఆఫీసు పంచ్ వాడితే, అది వేసేది దాదాపు 6 మిల్లీమీటర్ల రంధ్రం. చిన్న బ్రాడ్ తలతో సహా అందులోంచి జారి కింద పడుతుంది. ఇక రంధ్రమే వేయకుండా కాళ్లను నేరుగా కాగితంలోకి పొడిస్తే కాళ్ల కొనలు వంకర పోతాయి, కాగితం చుట్టూ చీలుతుంది. ఆ చీలిక తల కింద దాగినన్నాళ్లు బాగానే ఉంటుంది, పేజీలు తిప్పడం మొదలయ్యాక పెరుగుతుంది.

సన్నటి దబ్బనం, కింద మెత్తటి ఫోమ్ షీటు లేదా పాత మౌస్‌ప్యాడ్ ఉంటే సరిపోతుంది. పెన్సిలుతో చుక్క పెట్టి, ముఖం వైపు నుంచే నిలువుగా గుచ్చాలి. అప్పుడు లేచిన అంచు వెనక్కి పోతుంది. దాన్ని చెంచా వీపుతో రుద్ది అణిచేయాలి. వెనక నుంచి గుచ్చితే ఆ అంచు ముందుకు లేచి, బ్రాడ్ తల కాగితానికి ఆనదు. రంధ్రం కార్డు అంచుకు కనీసం 6 మిల్లీమీటర్ల లోపలికి ఉంటే మంచిది, అంతకంటే దగ్గరైతే కాళ్లు విప్పేటప్పుడే చిరుగుతుంది. నాలుగు మూలలా దూరం సమానంగా రావాలంటే గళ్ల కాగితం ముక్క మీద చుక్కలు గుర్తించుకుని, దాన్నే అచ్చుగా పెట్టి అన్ని మూలలూ గుచ్చాలి. కంటి అంచనాతో గుచ్చితే ఒక్క మిల్లీమీటరు తేడా కూడా మెరిసే లోహం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తల మీద అక్షరమో పువ్వో ఉంటే గుండ్రటి రంధ్రంలో బ్రాడ్ తిరిగిపోతుంటుంది. అలాంటప్పుడు రంధ్రానికి బదులు కాలి వెడల్పుకు సరిపడా సన్నటి గాటు పెట్టాలి. గాటులో కాళ్లు కదలవు, అక్షరం నిటారుగా నిలుస్తుంది. గాటు ఏ దిక్కుకు పెట్టాలన్నది ముందే చూసుకోండి. కాళ్లు గాటుకు అడ్డంగా రెండు పక్కలకీ తెరుచుకుంటాయి.

కాళ్లు విప్పడంలోనే చాలామంది తడబడతారు. కార్డును మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టి, తలను కిందికి అదిమి ఉంచి, రెండు కాళ్లనూ ఒకేసారి మొదట్లోంచి, అంటే రంధ్రం అంచు దగ్గర నుంచే, విప్పాలి. కొనలు పట్టుకుని లాగితే కాళ్లు విల్లులా వంగి రంధ్రం దగ్గర సందు మిగిలిపోతుంది, తల ఊగుతుంది. విప్పాక బోన్ ఫోల్డర్‌తో (కాగితం మడతలు నొక్కే చదునైన పనిముట్టుతో) మధ్య నుంచి బయటికి రుద్దితే చదునుగా కూర్చుంటాయి. సుత్తి, పట్టకారు వద్దు. ఎనామిల్ పెచ్చు లేస్తుంది, అతికించిన రాయి ఊడుతుంది. కాళ్లు అంచుకు సమాంతరంగా పడుకోవాలి. చిన్న ట్యాగుల్లో అంచు దాటి బయటికి వచ్చే కాళ్లను వైర్ కట్టర్‌తో కత్తిరించి, కొనలను లోపలికి మడిచేయాలి. ఒకసారి విప్పిన బ్రాడ్‌ను మళ్లీ మూసి ఇంకోచోట వాడటం పొదుపు కాదు. వంచిన చోట ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది. రెండో సారో మూడో సారో కాలు విరుగుతుంది, అదీ కార్డు పూర్తయ్యే వేళకు.

మరి ఆ కాళ్లను దాచేదెలా? పని క్రమం మారిస్తే చాలు. ముందు అలంకరించే పై అట్ట మీద అక్షరాలు, రబ్బరు ముద్రలు ముగించాలి. ఆపైన ఆ అట్టకు మాత్రమే బ్రాడ్‌లు బిగించాలి. చివరగా దాన్ని కార్డు ముఖానికి అతికించాలి. కాళ్లు రెండు పొరల మధ్య ఉండిపోతాయి. కాళ్ల మందం వల్ల పై పొర ఎగుడుదిగుడుగా ఉంటే ఫోమ్ టేపుతో అతికిస్తే సర్దుకుంటుంది. స్క్రాప్‌బుక్‌లో ఇది మరీ ముఖ్యం. కప్పని కాలు ఎదుటి పేజీలోని ఫొటోను గీకుతుంది, ఆల్బమ్ మూసి బరువు కింద ఉంచితే తల అచ్చు కూడా ఎదుటి పేజీ మీద పడుతుంది. అందుకే ఎదురెదురు పేజీల్లో ఒకే చోట ఎత్తయిన బ్రాడ్‌లు పెట్టకూడదు.

కాగితం బరువు కూడా లెక్కే. 200 నుంచి 300 జీఎస్ఎం కార్డ్‌స్టాక్, అంటే కార్డులకు వాడే దళసరి కాగితం, బ్రాడ్‌ను హాయిగా మోస్తుంది. ప్రింటర్‌లో వాడే 80 జీఎస్ఎం కాగితం మోయదు. రంధ్రం వెనక సెంటీమీటరు వెడల్పున్న కార్డ్‌స్టాక్ బిళ్ల అతికించి, రెండింటినీ కలిపి గుచ్చాలి.

వెల్లం లాంటి పారదర్శక కాగితానికి బ్రాడ్‌లు నిజంగా వరం. జిగురు పెడితే మరక పైకి కనిపిస్తుంది, బ్రాడ్‌కు ఆ బాధ లేదు. కానీ ఆ కాగితం గాలిలోని తేమకు కింది అట్ట కంటే ఎక్కువగా సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నాలుగు మూలలా బిగించేస్తే పోవడానికి దారిలేక అలలు లేస్తుంది. పై అంచున రెండు బ్రాడ్‌లు పెట్టి కింది అంచును వదిలేయాలి. నాలుగూ ఉండాల్సిందేనంటే కింది రెండు రంధ్రాలు వెల్లంలో మాత్రం కాస్త పెద్దవి చేయాలి. అప్పుడు తల కిందే కాగితం కొద్దిగా అటూ ఇటూ జరగగలుగుతుంది.

తిరిగే చక్రం, ఊగే తోక లాంటి కదిలే బొమ్మలకు బిగింపు పనికిరాదు. కాళ్లు విప్పేముందు తల కింద ఒక కార్డ్‌స్టాక్ ముక్కను దూర్చి, విప్పాక లాగేయాలి. ఆ మందమంత వదులు మిగులుతుంది. చక్రానికీ అట్టకూ మధ్య చిన్న కాగితపు వాషర్ పెడితే రాపిడి తగ్గుతుంది. చక్రంలో రంధ్రం కాస్త పెద్దగా, అట్టలో బిగువుగా ఉండాలి. తారుమారైతే చక్రంతో పాటు బ్రాడ్ కూడా తిరిగి, వెనక కాళ్లు అట్టను కోరేస్తాయి.

ఏళ్ల తరబడి దాచుకునే ఆల్బమ్‌కైతే లోహం ఏమిటో కూడా చూసుకోవాలి. అయస్కాంతం దగ్గర పెట్టండి, గట్టిగా అతుక్కుంటే పూత కింద ఉన్నది ఇనుమే. పూత గీసుకుపోయిన చోట, ముఖ్యంగా వంచిన కాళ్ల దగ్గర, తేమ తగిలితే తుప్పు మరక కాగితంలోకి దిగుతుంది. ఇత్తడి తుప్పు పట్టదు కానీ, అందులోని రాగి వల్ల తేమకు, ఆమ్లానికి పచ్చటి చిలుము పడుతుంది. ఆమ్లరహిత కాగితం వాడి, కాళ్ల మీద అలాంటిదే ఒక కాగితపు ముక్క అతికిస్తే ఈ రెండింటి బెడదా తగ్గుతుంది. పేజీ కవర్లు పీవీసీవి కొనకండి. పాతబడే కొద్దీ ఆ ప్లాస్టిక్ ఆమ్లం వదులుతుంది, అది ఫొటోకూ లోహానికీ చేటే. పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లు మేలు. కాగితం, జిగురు ఫొటోకు హాని చేస్తాయో లేదో తేల్చే పరీక్షకు ఐఎస్ఓ 18916 అనే ప్రమాణం ఉంది. ప్యాకెట్ మీద ఆ ప్రస్తావన ఉంటే నమ్మకంగా తీసుకోవచ్చు.

అసలు ఫొటోకు మాత్రం ఎప్పుడూ రంధ్రం వేయొద్దు. మీ వ్యాసంతో పాటు వేసిన ఒక బొమ్మలో బ్రాడ్ ఫొటో మూలలోంచే దిగి ఉంది, చూడ్డానికే కష్టమనిపించింది. గుచ్చిన చోట ఫొటో పై పొర చిట్లి, ఆ చిట్లు లోపలికి పాకుతుంది. ఫొటో చుట్టూ సెంటీమీటరు అంచు వదిలి వెనక అట్ట కట్టండి, ఆ అట్టకు బ్రాడ్ గుచ్చండి, ఫొటోను మూల తొడుగుల్లో నిలబెట్టండి. లేదంటే నకలు తీయించి దానికి గుచ్చుకోండి.

ఐలెట్‌ల (రంధ్రానికి తొడిగే లోహపు వలయాల) సంగతి వేరు. వాటికి కాళ్లుండవు, గొట్టం వెనక్కి విచ్చుకుని పట్టుకుంటుంది. ముందు నుంచి దూర్చి, బోర్లా తిప్పి, గొట్టాన్ని విచ్చదీసే సెట్టర్ అనే పనిముట్టు పెట్టి సుత్తితో రెండు మూడు తేలికపాటి దెబ్బలు వేయాలి. ఒక్క గట్టి దెబ్బకు గొట్టం అంచు ముక్కలుగా చీలి గుచ్చుకుంటుంది. వెనక గొట్టం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు బయటికి కనిపిస్తేనే పట్టు దొరుకుతుంది, దళసరి అట్టకు పొట్టి ఐలెట్ అందదు. రిబ్బన్ దూర్చాలంటే ఐలెట్, పొరలు కలపాలంటే బ్రాడ్.

పోస్టులో పంపే కార్డుల్లో ఎత్తు తలల బ్రాడ్‌లు వద్దు. కవర్లను వేరు చేసే యంత్రాల రోలర్ల మధ్య అవి కవరును చింపగలవు. చదును తలలు వాడి, కార్డు ముఖం మీద ఒక పల్చటి అట్ట కప్పి కవర్లో పెట్టాలి. మూడేళ్ల లోపు పిల్లల చేతికి వెళ్లే కార్డులోనైతే ఏ బ్రాడూ పెట్టకండి. ఊడితే నేరుగా నోట్లోకి పోతుంది, కాళ్ల కొనలూ పదునే. పంచ్‌తో తీసిన మెరుపు కాగితపు బిళ్లలు జిగురుతో అతికిస్తే చూపుకు దాదాపు అలాగే ఉంటాయి.

ఇట్లు,
కాగితపు చేతిపనులు నేర్పే ఒక పాఠకురాలు