మందుల మార్జిన్‌కు చట్టమే హద్దు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ మరికొన్ని మందులకు ధరలు ఖరారు చేసిందని పోయిన వారం మీ పత్రికలో వేశారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ జనం మందుల షాపుకెళ్లి తమ మందు ధర ఎందుకు తగ్గలేదని అడుగుతారు. కౌంటర్లో ఉన్నవాళ్లు జవాబు చెప్పలేరు. జవాబు ప్రభుత్వం చెప్పాలి, అది చెప్పదు.

నిత్యావసర వస్తువుల చట్టం కింద 2013లో తెచ్చిన ధరల నియంత్రణ ఉత్తర్వు గరిష్ఠ ధర కట్టేది అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలోని మందులకే. 2022 జాబితాలో ఉన్నవి 384. అవి కూడా జాబితాలో రాసిన రూపంలో, రాసిన మోతాదులో ఉంటేనే లెక్కలోకి వస్తాయి. మిగతా మందుల మొదటి ధర కంపెనీ ఇష్టం. ఆ తర్వాత ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. జాబితాలోని మందుకు ఇంకొకటి కలిపి కొత్త మాత్ర తెస్తే ధరకు అనుమతి కావాలి గానీ, అసలు మందును ముందునుంచీ తయారుచేస్తున్న కంపెనీకే ఆ షరతు. తయారుచేయని కంపెనీ దర్జాగా తప్పించుకుంటుంది.

జాబితాలో ఉన్నవాటి ధర కట్టే పద్ధతి ఇంకా అన్యాయం. 1995 ఉత్తర్వులో తయారీ ఖర్చే ప్రాతిపదిక. 2013 నుంచి మార్కెట్లో కనీసం 1 శాతం వాటా ఉన్న బ్రాండ్లన్నిటి సగటు తీసి, దానికి 16 శాతం రిటైలర్ మార్జిన్, అంటే షాపు వాటా, కలుపుతున్నారు. ఒక మందుకు అయిదు బ్రాండ్లున్నాయి, షాపుకు చేరే ధరలు 10, 12, 14, 30, 34 రూపాయలు అనుకోండి. సగటు 20, మార్జిన్ కలిపితే 23 రూపాయల 20 పైసలు. ఆ మాత్ర తయారుచేయడానికి ఎంతయిందన్న ప్రశ్నే ఇందులో లేదు. ఎక్కువ ధర పెట్టినవాడే సగటును పైకి లాగుతాడు, ఆ సగటే చట్టబద్ధమైన ధర అవుతుంది.

పైగా ఏటా ఏప్రిల్‌లో టోకు ధరల సూచీ పెరిగినంతా పెంచుకోవచ్చు. 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం. రెండేళ్లకు 24 శాతం దాటింది. నియంత్రణ లేని మందుకు ఏడాదికి 10 శాతమే హద్దు కదా! నియంత్రణలో ఉన్న మందును అంతకన్నా ఎక్కువ పెంచుకోనిచ్చిన ఏలుబడి ఇది.

అసలు దోపిడీ మాత్రం మార్జిన్లో, అంటే కంపెనీ అమ్మిన ధరకూ స్ట్రిప్ మీది ధరకూ మధ్య తేడాలో ఉంది. జాబితాలో లేని మందు పది రూపాయలకు షాపుకు చేరినా, స్ట్రిప్ మీద వంద అని అచ్చు వేస్తే ఏ చట్టమూ అడ్డురాదు. మాత్రల మీద సగానికి సగం తగ్గింపని బోర్డు పెట్టి కూడా షాపు లాభాల్లో నడుస్తోందంటే, ఎమ్మార్పీలో ఎంత గాలి నింపారో అర్థమవుతుంది. ఆస్పత్రిలో చేరిన రోగికి ఆ తగ్గింపూ ఉండదు, చాలాచోట్ల అక్కడి ఫార్మసీలోనే కొనాల్సి వస్తోంది. ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను 2018లో ఈ ప్రాధికార సంస్థే తిరగేసి, 1,737 శాతం దాకా మార్జిన్లు తేల్చింది. ఇంత తెలిసీ చేసిందేమిటి?

చేయవచ్చని రుజువు కూడా వాళ్ల దగ్గరే ఉంది. 2019 ఫిబ్రవరిలో జాబితాలో లేని 42 క్యాన్సర్ మందులకు మార్జిన్ 30 శాతం మించకూడదన్నారు. 390 బ్రాండ్ల ధరలు 87 శాతం దాకా దిగాయి. 2021లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లకూ 70 శాతం హద్దు పెట్టారు. షుగరు, బీపీ, థైరాయిడ్ మందులు నెలనెలా కొనేవాళ్లకు మాత్రం ఆ దయ దక్కలేదు.

ధర మరీ అణిస్తే మందే దొరకదని కంపెనీలు అంటాయి. అందులో కొంత నిజముంది. గిట్టుబాటు కావడం లేదన్నందుకు 2024 అక్టోబరులో బెంజైల్ పెనిసిలిన్, సాల్బుటమాల్ వంటి 8 మందుల గరిష్ఠ ధరలు 50 శాతం పెంచారు. పెనిసిలిన్ ఇంజెక్షన్ తయారీ ఆగిపోకూడదు కాబట్టి ఆ పెంపు సబబే. కానీ మార్జిన్ హద్దు తయారీదారు అమ్మే ధర జోలికే పోదు, మధ్యలో ఊదినదాన్నే తగ్గిస్తుంది.

ఉన్న నిబంధనలైనా అమలవుతున్నాయా? ధరల పట్టిక షాపులో అందరికీ కనబడేలా పెట్టాలి. స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలిస్తే, స్ట్రిప్ ధరలో ఆ నాలుగింటి వాటాకు మించి తీసుకోకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి, పాత స్ట్రిప్ మీద 112 రూపాయలుంటే 105కే అమ్మాలి. వీటిని తనిఖీ చేసే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఒక్కొక్కరి కింద ఎన్ని షాపులున్నాయో రాష్ట్ర ప్రభుత్వాలకు తెలుసు, ఖాళీలు మాత్రం నింపవు. డాక్టర్లు బ్రాండు కాకుండా జనరిక్ పేరుతోనే, అంటే మందు అసలు పేరుతోనే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, ఆ నెల తిరక్కుండానే పక్కన పెట్టేసింది. ఒత్తిడి వస్తే వెనక్కి తగ్గడం ఈ సంస్థలకు అలవాటైపోయింది.

కొనేవాళ్లు ఒక పని చేయవచ్చు. స్ట్రిప్ వెనక మందు అసలు పేరు, మోతాదు చూసి ‘ఫార్మా సహీ దామ్’ యాప్‌లో వెతకండి. గరిష్ఠ ధర ఒక్కో మాత్రకు చూపిస్తుంది, పన్ను అందులో ఉండదు. మాత్రకు 2 రూపాయలని ఉంటే పది మాత్రల స్ట్రిప్ 20, అయిదు శాతం జీఎస్టీతో 21. అంతకుమించి అచ్చు వేసి ఉంటే బిల్లు తీసుకుని, స్ట్రిప్ మీది బ్యాచ్ నంబరుతో సహా ధరల ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేయండి. బిల్లు లేకపోతే ఫిర్యాదు నిలబడటం కష్టం.

పార్లమెంటు చేయాల్సింది వేరే. జాబితాలో లేని ప్రతి మందుకూ, తయారీదారు మొదట అమ్మిన ధర నుంచి లెక్కగట్టి, 30 శాతం మార్జిన్ హద్దు చట్టంలోనే రాయాలి. అధికారులు తలచుకుంటే తెచ్చి, తలచుకుంటే ఎత్తేసే ఉత్తర్వుగా వదిలేయకూడదు. మన ఎంపీల్లో ఎవరు ఈ సవరణ అడుగుతారో మీ పత్రిక వాళ్ల పేర్లతో సహా ప్రశ్నించి ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఫార్మసిస్టు, గుంటూరు