పక్కింటి మామ్మగారికి తెలిసిన నుయ్యి

కొత్తపేట,
ఆదివారం సాయంత్రం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం గురువారం అందింది. రిటైరైన తరువాత హైదరాబాదు వదిలి మన లంకల వైపు ఒక పాత మండువా ఇల్లు కొనుక్కుని స్థిరపడాలని నువ్వూ చెల్లెమ్మా అనుకుంటున్నారని చదివి ఎంత సంతోషించానో, "ఇల్లు గట్టిదే, ఇక చూడవలసింది ఏముంటుంది" అన్న వాక్యం దగ్గర అంతగా ఉలిక్కిపడ్డాను. ఇల్లు కట్టి చూడమన్నారే గాని కొని చూడమని మన పెద్దలెవరూ అనలేదు, వాళ్ల కాలంలో ఇళ్లు అమ్ముకునేవాళ్లు తక్కువ కాబోలు. బ్యాంకుల తరఫునా, విదేశాల్లో ఉన్న పిల్లల తరఫునా కొనబోయే ఇళ్లను చూసి రిపోర్టు రాసే ఈ పనిలో ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్నాను కనుక, చూడవలసింది ఏముంటుందో నీకు కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా రాజోలు వైపు చూసిన ఒక డాబా ఇంటి సంగతి చెప్పాలి. కట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు, హాలంతా అద్దంలా మెరిసే టైల్స్. అలవాటు ప్రకారం నా చేతికర్రతో నేలను తట్టుకుంటూ పోతుంటే టీవీ బల్ల ముందు సుమారు నాలుగడుగుల మేర గుల్లగా మోగింది. టైల్స్ కింద సిమెంటు సరిగా పడలేదేమోనని ఇంటాయన అన్నాడు, అది జరగనిదేమీ కాదు. కాని ఆ ఇంటి మనవడు గోలీలు ఆడుతున్నాడు, ఎటు విసిరినా గోలీ మెల్లగా దొర్లి దొర్లి వచ్చి అదే చోట ఆగుతోంది. నేను మాట్లాడకుండా బయటికి వచ్చి, పక్కింటి అరుగు మీద తోటకూర తుంచుకుంటున్న మామ్మగారిని "ఈ ఇంటివాళ్ల నుయ్యి ఎక్కడుండేదండీ" అని అడిగాను. ఆవిడ తల కూడా ఎత్తకుండా "ఎక్కడికి పోతుంది నాయనా, వాళ్ల టీవీ కిందే ఉంది" అన్నారు.

ఇంటాయన అయిష్టంగానే ఒప్పుకున్న మీదట రెండు టైల్స్ తీయించాము. కింద మూడంగుళాల పలుచని సిమెంటు పలక, దాని మూల పగలగొట్టి టార్చి వేస్తే సిమెంటు ఒరలు వరుసగా కిందికి దిగిపోతూ, ఎనిమిది అడుగుల లోతున నీళ్లు నల్లగా తళుక్కుమన్నాయి. ఒరల సందుల్లో సన్నని నాచు, పక్కకు వాలిన ఇనుప గిలక, దానికి ఇంకా వేలాడుతున్న మూరెడు తాడు. పలక అడుగున ఊచలు ఎప్పుడూ నీటి చెమ్మకు నాని, తుప్పు పొరలు పొరలుగా లేచి, వేలితో నొక్కితే రాలిపోతున్నాయి. దాని మీదే ఆ కుటుంబం ఇన్నేళ్లు పండగ పూట వరుసగా కూర్చుని భోజనాలు చేసింది. నుయ్యి పూడ్చాలంటే ఇసుక పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస చేసి నింపాలి. అంత ఖర్చు ఎందుకని అప్పటి మేస్త్రీ మూత వేసి ఊరుకున్నాడు. చాలాకాలం మూసి ఉన్న నూతిలో ఊపిరాడే గాలి ఉండదు కనుక ఎవరినీ తొంగి చూడనివ్వకుండా ఆ రోజంతా కాపలా కాయడం నా వంతయింది. ఇంటాయన మోసగాడు కాడు, ఆయన నిజంగానే మరచిపోయాడు. నా అనుభవంలో అమ్మేవాళ్లు దాచినవాటి కంటే మరచిపోయినవే ఎక్కువ, అందుకే నేను ఇంటివాళ్ల కంటే ముందు ఇరుగుపొరుగును అడుగుతాను.

ఇక నీవు చూసిన మండువా ఇంటి వంటిదే ముక్తేశ్వరం అవతల ఒకటి చూశాను. గోడలకు నడుము ఎత్తు వరకే కొత్త రంగు, పైన పాత వెల్ల. మన ప్రాంతంలో గోడ కింది భాగానికి మాత్రమే కొత్త రంగు కనబడితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. కేలండరు వేలాడదీసిన మండువా స్తంభం దగ్గరికి వెళ్లి ఆ కేలండరు పక్కకు జరిపితే, కొయ్య మీద నా ఛాతీ ఎత్తున కత్తితో చెక్కిన గీత, పక్కనే "16-8-86" అన్న అంకెలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో ఆ ఇంటి పెద్దాయన నీటి మట్టం గుర్తు పెట్టుకున్నాడన్నమాట. కొడుకులు దాన్ని కేలండరుతో కప్పేశారు. ఆ ఇంటి అసలు జబ్బు మాత్రం వరద కాదు. పాత గానుగ సున్నం గోడ నేలలోని చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూసేసరికి చెమ్మకు దారి మూసుకుపోయి, లోలోపలే పైకి పాకి, రంగు మీద ఉప్పు పొక్కులుగా బయటపడుతోంది. పైగా మండువా తూము నీరు బయటికి పోవడం లేదు. ఎందుకా అని వీధి వైపు తవ్విస్తే మట్టి కింద మూడు రాతి మెట్లు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి! రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేసుకుంటూ పోవడంతో, ఒకప్పుడు అయిదు మెట్లు ఎక్కవలసిన అరుగుకు ఇప్పుడు రెండే మిగిలాయి. వాన పడితే వీధి నీరే తూము గుండా ఇంట్లోకి వస్తుంది. రోడ్డు కాంట్రాక్టర్లకు మెట్ల లెక్క ఎవరైనా నేర్పితే బాగుండును.

సముద్రం దగ్గరి ఇళ్ల కథ వేరు. అంతర్వేది దారిలో ఒక ఇంటి స్లాబు నుంచి ఊడిపడిన పెచ్చును చేతిలోకి తీసుకుని చూస్తే, కంకర మధ్య చిటికెన వేలి గోరంత గవ్వలు, ఒకటి కాదు, ఏడెనిమిది. పిల్లవాడికి ఇస్తే ఆడుకునేంత అందంగా ఉన్నాయి, నా గుండె మాత్రం జారిపోయింది. ఏటి ఇసుకకు బదులు తీరపు ఇసుక కలిపారని అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఆ ఇసుకలోని ఉప్పు లోపలి ఊచలను తినేస్తుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి తన మీది కాంక్రీటును తానే నెట్టేస్తుంది. అలాంటి స్లాబుకు ఎన్నిసార్లు పూత వేయించినా డబ్బు దండగ.

అన్నీ ఇలాంటి దిగులు సంగతులే కావు. మండపేటలో ఒక ఇంటిని 1910 నాటిదని చెప్పి అమ్మజూపారు. చెదలు తిన్న సింహద్వారపు గడప మారుస్తుండగా కింద నవధాన్యాల పొట్టుతో పాటు ఒక చిల్లుకాణీ దొరికింది. ఆ చిల్లుకాణీలు 1943 నుంచి 1947 వరకే ముద్రించారు. గడప ఒక్కటే తరువాత మార్చి ఉండవచ్చు కదా అని నేనూ తటపటాయించాను గాని, ద్వారబంధం కొయ్యా పనితనమూ గడపతో కలిసే ఉన్నాయి. వయసు తగ్గడంతో బేరమూ తగ్గింది. ఆ కాణీ దొరికిందని తెలిసి ఊళ్లో సగం మంది లంకెబిందెల కోసం వచ్చి నిలబడ్డారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన పాత నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని చెప్పేసరికి జనం పలచబడ్డారు.

మరొకచోట రాత్రిళ్లు అటక మీద దెయ్యం నడుస్తోందని శాంతి కూడా చేయించుకున్నారు. ఎక్కి చూస్తే మూడు పిల్లలతో మానుపిల్లి. దాని కంటే అది జరిపేసిన పెంకులూ, ఆ సందులో కారిన వానకు కుళ్లిన వాసాలూ నాకు ఎక్కువ భయం కలిగించాయి. ఇంకో ఇంట్లో ఎర్త్ తీగ ప్రతి ప్లగ్గు నుంచీ ఎంతో పొందికగా గోడ వెంట వచ్చి, పెరట్లో కొబ్బరి చెట్టుకు కొట్టిన మేకుకు చుట్టి ఉంది. ఎర్త్ కోసం తవ్వవలసిన గొయ్యి లేదు, అందులో వేయవలసిన బొగ్గూ ఉప్పూ లేవు. ఎలక్ట్రీషియను ఉద్దేశం ఏమిటో ఆ చెట్టునే అడగాలి.

నీ ఇంటి విషయానికి వస్తే, వచ్చే ఆదివారం పొద్దున్నే రావులపాలెంలో బస్సు దిగు, నేను మోటారు సైకిలు మీద వచ్చి కలుస్తాను. రసమట్టం, తూకపుగుండు, టార్చి నా దగ్గర ఉన్నాయి. చెల్లెమ్మను కూడా తీసుకురా, పక్కిళ్ల ఆడవాళ్లతో మాటలు కలపడం మనకంటే ఆమెకే బాగా వచ్చు. ఆ ఇంటి నుయ్యి ఎక్కడుందో, వీధి మెట్లు ఎన్నుండేవో ముందు అవి కనుక్కోవాలి. బయానా మాత్రం అప్పటిదాకా ఇవ్వకు.

ఇట్లు,
నీ స్నేహితుడు