అక్కడా ‘ఎర్రగా బుర్రగా’నే కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో లాటిన్ అమెరికా అందగత్తెల మీద వచ్చిన వ్యాసానికి ఎవరో ఒకరు జవాబు రాయకపోతారా అని ఎదురుచూసి, ఎవరూ రాయకపోయేసరికి చివరికి నేనే కలం పట్టాను. తేనెరంగు మేను అక్కడి స్త్రీలకు ప్రకృతి ఇచ్చిన వరమనీ, నలుపు తెలుపుల పట్టింపే లేని ఆ సమాజాన్ని చూసి మనం బుద్ధి తెచ్చుకోవాలనీ వ్యాసకర్త తేల్చిచెప్పారు. మన రంగు పిచ్చికి ఎవరు చీవాట్లు పెట్టినా నేను కాదనను. కానీ ఆదర్శంగా చూపడానికి ఆయనకు ఆ సమాజమే దొరికిందా?

వ్యాసంలో వెనిజులాను ఆకాశానికెత్తారు. 1979 నుంచి 2013 వరకు ఏడుసార్లు మిస్ యూనివర్స్ కిరీటం గెలిచిన దేశమే, నిజమే. ఆ ఏడుగురి ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఆ దేశంలోని నల్లజాతి ముఖం ఒక్కటైనా వాటిలో ఉంటే నాకు చూపించమనండి.

ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని కనుక కొంచెం చరిత్ర చెప్పకుండా ఉండలేను. బానిసత్వం రద్దయిన ఏడేళ్లకు, 1895లో, మొడెస్టో బ్రోకోస్ అనే చిత్రకారుడు బ్రెజిల్‌లో ఒక బొమ్మ గీశాడు. పేద ఇంటి గుమ్మం ముందు నల్లని ముసలి అవ్వ చెప్పులు లేని కాళ్లతో మట్టి మీద నిలబడి, రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తి దేవుడికి దండం పెడుతూ ఉంటుంది. పక్కన ఆమె కూతురు, తల్లికన్నా ఒక వన్నె తక్కువ నలుపు. ఆ కూతురి ఒడిలో తెల్లని పసివాడు. గడప దగ్గర కూర్చున్న తెల్ల అల్లుడు బిడ్డ వంక సంతృప్తిగా చూస్తుంటాడు. మనవడు తెల్లగా పుట్టాడన్నదే ఆ అవ్వ మొక్కుకు కారణం! 1911లో లండన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సభకు బ్రెజిల్ జాతీయ మ్యూజియం సంచాలకుడు ఈ బొమ్మనే పట్టుకెళ్లి, మరో వందేళ్లలో తమ దేశంలో నల్లవారు మిగలరని శుభవార్తలా చెప్పి వచ్చాడు. కడుపుతో ఉన్న కోడలికి కుంకుమపువ్వు పాలు పట్టించే మన అత్తగార్లకు ఆ అవ్వ దండం అర్థం కాకపోదు. స్పానిష్ మాట్లాడే ఇళ్లలో దీనికొక సామెతలాంటి మాటే ఉంది, ‘మెహోరార్ లా రాసా’ అని. తనకన్నా తెల్లవాణ్ని చేసుకుని జాతిని బాగుచేసుకోవడమట.

పాత కథలంటారేమో. మెక్సికోలోని వహాకా రాష్ట్రానికి చెందిన ఆదివాసీ యువతి యలిట్సా అపారిసియో బడిపంతులమ్మ కావడానికి చదువుకుని, అనుకోకుండా నటించిన తొలి చిత్రానికే 2019లో ఉత్తమ నటి ఆస్కార్ పోటీలో నిలిచింది. వీధివీధినా ఊరేగించి సంబరం చేసుకోవలసిన సమయంలో, ఆ దేశపు టీవీ సీరియళ్ల నటుడొకాయన ఆమెను ‘ఇందియా’ అంటూ బూతు జోడించి ఈసడించిన వీడియో బయటపడింది, తరువాత క్షమాపణలూ చెప్పుకున్నాడు. ‘ఇందియా’ అంటే అక్కడ ఆదివాసీ స్త్రీ. మన దేశం చేరుకున్నానని భ్రమపడిన కొలంబస్ పుణ్యమా అని మన పేరే వాళ్లకు తిట్టయి కూర్చుంది.

అమెరికా వెళ్లిన లాటినోలైనా, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న వాళ్లయినా, మారారా అంటే అదీ లేదు. 2022 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ నగర మండలి అధ్యక్షురాలు నూరి మార్టినెజ్ రహస్య సంభాషణ ఒకటి బయటికొచ్చింది. స్వయంగా మెక్సికన్ వలస కుటుంబంలో పుట్టిన ఆవిడ వహాకా వాసులను పొట్టి నల్లవాళ్లనీ, అసహ్యంగా ఉంటారనీ అన్నది. ఆవిడ రాజీనామా చేసింది కానీ, అదే గదిలో కూర్చుని విన్న మరో సభ్యుడు మాత్రం సాక్షాత్తు దేశాధ్యక్షుడే దిగిపొమ్మన్నా పదవీకాలం ముగిసేదాకా కుర్చీ వదలలేదు. కుర్చీ దగ్గరకొచ్చేసరికి అన్ని దేశాల నాయకులదీ ఒకటే రంగు.

ఆ నగరంలోనే మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను. మెక్సికన్ల సంతలో మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లి నిమ్మకాయ పిండి అమ్మే అతను మా అమ్మాయిని ‘గ్వెరిటా, గ్వెరిటా’ అని పిలిచాడు. మా అమ్మాయిది చామనఛాయ కూడా కాదు, నా రంగే. ఆ మాటకు ‘తెల్లమ్మాయీ’ అని అర్థమట, మనవాళ్లు అందరినీ ‘మేడమ్’ అన్నట్టు గిరాకీ కోసం అందరినీ అలాగే పిలుస్తారట. మా ముందు నిలబడ్డ, మాకన్నా నల్లనైన ముసలావిడ కూడా అతనికి గ్వెరిటాయే. ఆవిడ నవ్వుతూ ఇంకో గ్లాసుడు ముక్కలు కొన్నది.

అమెరికాలో జనాభిప్రాయ సర్వేలు చేసే ప్యూ సంస్థ 2021 సర్వేలో అమెరికాలోని లాటినోల్లో 62 శాతం మంది నల్లగా ఉండటం తమ ఎదుగుదలకు ఎంతో కొంత అడ్డే అన్నారు. పట్టింపే లేని సమాజం చెప్పవలసిన మాటేనా ఇది? 2019లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఒకావిడ మెక్సికో నుంచి తెప్పించుకున్న క్రీము పూసుకుని, అందులోని పాదరసపు విషంతో స్పృహ తప్పే స్థితికి వెళ్లింది. మన పక్కనే కేరళలోని మలప్పురంలో తెలుపు క్రీములతో మూత్రపిండాలు పాడైన వాళ్ల సంగతి 2023లో చదివాం. వ్యాసకర్త ఇవేవీ చూడకుండా పేజీ నింపితే, అచ్చువేసే ముందు మీ కార్యాలయంలో ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదా? ఒకప్పుడు పత్రికలో వచ్చిందంటే పిల్లలకు పాఠంగా చెప్పేవాళ్లం.

కనీసం ఒక సవరణ ప్రచురించండి. చోటు లేదంటారేమో. అదే సంచిక పెళ్లి ప్రకటనల పేజీలో ‘ఫెయిర్’ అన్న మాట ఉన్నవి పద్నాలుగు లెక్కపెట్టాను. వాటిలో ఒకటి మానేస్తే సవరణకు సరిపోతుంది.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని,
తెనాలి.