నీ స్నేహితురాలికి జాబు రాయి పాపా

చి. పాపకు, ప్రొద్దుటూరు నుంచి నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ బాగుండాము. మీ అమ్మ నూగులపొడి కొట్టి పెట్టింది, అటు వచ్చేవాళ్లు ఎవరన్నా ఉంటే పంపిస్తాం.

ఆదివారం నీ స్నేహితురాలు ఇంటికొచ్చి నీ గురించి అడిగి అడిగి పోయింది. ఆ సంగతి ఫోన్లో చెప్తే, "ఆమె కవితలు రాసుకుంటాది, నా పని ఆమెకు అర్థం కాదు, ఏం మాట్లాడాల నాయనా" అంటివి. ఆ మాట మనసులోంచి పోలేదు.

మొక్కల మీద పనిచేసేదానివి, జగదీశ్‌చంద్ర బోసు గురించి నీకు నేను చెప్పేదేముంది. కానీ ఆయన టాగూరుకు రాసిన జాబులు నువ్వు చూసినట్లు లేవు. టాగూరు షిలైదహ అనే పల్లెలో జమీందారీ పనులు చూసుకునే రోజుల్లో బోసు సెలవు దొరికితే అక్కడికే పొయ్యేవాడు. ఒకటే షరతు: పోయిన ప్రతిసారీ టాగూరు ఒక కొత్త కథ చదివి వినిపించాల.

1900లో బోసు ప్యారిస్‌లో భౌతికశాస్త్ర సభ చూసుకుని లండన్ చేరినాడు. లోహానికైనా, కండరానికైనా, మొక్కకైనా దెబ్బ తగిలితే కలిగే స్పందన ఒకే తీరుగా ఉంటాదని చూపిస్తే, అక్కడి శరీరశాస్త్రం పెద్దలు ఒప్పుకోలేదు. 1901 జూన్‌లో రాయల్ సొసైటీలో చదివిన పత్రం అచ్చు కాకుండా ఆగిపోయింది. అదే ఏడు మే నెలలో ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని, బోసు కనిపెట్టిన వైర్‌లెస్ పరికరం కోసం పేటెంట్ కాగితం చేతపట్టుకుని తానే వచ్చినాడంట, లాభంలో చెరిసగం అని. అంత పెద్ద కోటీశ్వరుడు దాని కోసం ఎట్లా బతిమాలినాడో, ఆ ఉచ్చులో ఒకసారి కాలు పెడితే మళ్లీ బయటపడేది లేదని ఎందుకు అనిపించిందో, అంతా టాగూరుకు రాసినాడు. (తర్వాత స్నేహితులు పట్టుబట్టి 1904లో అమెరికాలో ఒక పేటెంట్ తీయించినారులే.)

అవతల కవి ఊరికే ఓదార్చలేదమ్మా. పని ముగిసేదాకా ఇండియాకు తిరిగి రావద్దని చెప్పి, త్రిపుర మహారాజు రాధాకిశోర్ మాణిక్యను అడిగి డబ్బు సర్దినాడు. అంతకంటే నాకు గొప్పగా తోచేది ఇంకొకటి. బోసు పని ఏమిటో తాను అర్థం చేసుకుని, 1901లోనే 'బంగదర్శన్' పత్రికలో మామూలు జనానికి తెలిసేటట్లు బెంగాలీలో వ్యాసాలు రాసినాడు. అర్థం కాదని ఆ శాస్త్రవేత్త ముందే అనుకుని ఉంటే?

బోసు కూడా తక్కువ తినలేదు. పల్లెలో దాక్కుంటే ఊరుకోనని టాగూరుకు రాసి, ఆయన కథలు ఇంగ్లీషులో పెట్టించి బయటి దేశం పత్రికకు పంపించినాడు. వాళ్లు వద్దన్నారు. నోబెల్ వచ్చింది 1913లో కదా, ఈయన పూనుకున్నది అంతకు చాలా ముందు. 1917 నవంబరు 30న బోసు తన పరిశోధనాలయం తెరిస్తే, దానికి పాట కట్టింది టాగూరే.

నీ స్నేహితురాలు కూడా సామాన్యురాలు కాదు. పెన్నా ఎండిన ఇసుక మీద రాసిన కవిత నాకు చదివి వినిపించింది. మొక్కకు నీళ్లు తక్కువైతే ఆకు అడుగున రంధ్రాలు మూసుకుంటాయని నువ్వెప్పుడో చెప్పినావంట, అది అందులో పెట్టుకునింది. సరిగ్గా పెట్టిందో లేదో నువ్వే చెప్పాల. ఆ కవిత ఈ కవర్లోనే పెడుతున్నాను, ఆమె అడ్రసు వెనక ఉండాది.

ఇట్లు,
మీ నాయన