మిగిల్చిన కరెంటును రైతు దగ్గర కొనండి: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మన రాష్ట్రంలో 2004లో మొదలైంది. దాన్ని తీసేయమని ఈ లేఖ రాయడం లేదు. అనంతపురంలోనో ప్రకాశంలోనో బోరునే నమ్ముకున్న రైతుకు అది ఎంత ఆసరానో తెలిసే రాస్తున్నాం. మేం కోరేది ఒక్కటే: తనకు రావలసిన కరెంటులో రైతు వాడకుండా మిగిల్చింది ఎంతో లెక్కగట్టి, దాన్ని ప్రభుత్వం డబ్బిచ్చి కొనాలి.

ముందు ఒక లెక్క చూడండి. ఒక ఘనమీటరు నీటిని వంద మీటర్ల లోతు నుంచి తోడడానికి సిద్ధాంతం ప్రకారం 0.27 యూనిట్ చాలు. మన పొలాల్లోని మోటారు, పంపు, పైపులు కలిపి 40 శాతం సామర్థ్యంతో పనిచేస్తున్నాయనుకుంటే 0.68 యూనిట్ అవుతుంది. రబీలో వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే ఎకరానికి సుమారు 4,850 ఘనమీటర్లు, అంటే 3,300 యూనిట్లు. అదే బోరు కింద వేరుశనగకు 500 మిల్లీమీటర్లు పెడితే 1,400 యూనిట్లలోపే పంట చేతికొస్తుంది. దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఒక్క ఎకరా వరి నుంచి వేరుశనగలాంటి ఆరుతడి పంటకు మారితే తప్పేది దాదాపు 1.3 టన్నులు. ఈ మార్పు వల్ల డిస్కమ్‌కు (విద్యుత్ పంపిణీ సంస్థకు), భూగర్భ జలానికి, వాతావరణానికి లాభమే. మారిన రైతుకు మాత్రం ఈరోజు పైసా రాదు. అతను 3,300 యూనిట్లు వాడినా, 1,400 వాడినా బిల్లు సున్నాయే.

ఈ సున్నా బిల్లు పొలంలో ఏం చేస్తుందో తెలియాలంటే, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ దగ్గర నిలబడి చూడాలి. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు ప్రతి మోటారూ మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. వోల్టేజీ 415 నుంచి 340కి పడితే, 7.5 ఆంపియర్లతో నడవాల్సిన 5 హెచ్‌పీ మోటారు 9 ఆంపియర్లు దాటుతుంది. వైండింగ్ వేడెక్కి కాలుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది అలాంటివి పద్దెనిమిది. పేరుకు 5 హెచ్‌పీ అయినా, రీవైండింగ్ చేయించాక 7.5 లాగే మోటార్లు వాటిలో కలిస్తే ముందు ఫ్యూజు, తర్వాత ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. మడి నిండినా నీళ్లు పారుతూనే ఉంటాయి, ఎందుకంటే రాత్రి వెళ్లి స్విచ్ ఆపినందుకు రైతుకు ఒరిగేదేమీ లేదు.

ఉచిత విద్యుత్‌కు నాలుగు షరతులు పెట్టారు: ఘర్షణ తక్కువ ఉండే ఫుట్‌వాల్వ్ (నీళ్లు లాగే పైపు అడుగున ఉండే వాల్వు), తగిన కెపాసిటర్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులు, ఐఎస్ఐ మార్కు పంపుసెట్. నాలుగూ మంచివే. కానీ తనిఖీతో మాత్రమే ఇవి నిలబడవు. కెపాసిటర్‌నే తీసుకోండి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) సరిపోతుంది, అది లైను నష్టాన్ని తగ్గిస్తుంది. రైతు మీటరులో యూనిట్లు మాత్రం పెద్దగా తగ్గవు. లాభం డిస్కమ్‌ది కాబట్టి ఖర్చూ డిస్కమే పెట్టుకోవాలి. మంచి పంపు, పైపుల లాభం యూనిట్లలో కనిపిస్తుంది. వాటిని రైతు తనంతట తానే కొనేలా చేసేది మిగులుకు కట్టే ధరే.

ఇది కొత్త ఆలోచన కాదు. పంజాబ్ 2018లో కొన్ని ఫీడర్లలో (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే కరెంటు లైన్లలో), ఇష్టపడి చేరిన రైతులకు మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయలు చెల్లించే పథకం మొదలుపెట్టింది. గుజరాత్‌లోని ఢుండి గ్రామంలో సోలార్ పంపుల రైతులు సహకార సంఘంగా ఏర్పడి మిగులు కరెంటును డిస్కమ్‌కు అమ్మారు. 2020లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన నగదు బదిలీ వేరే దారి. అందులో బిల్లు ఎంతో అంతే రైతు ఖాతాలో పడి, అక్కడి నుంచి డిస్కమ్‌కు వెళ్లేది. తక్కువ వాడినవాడి చేతిలో ఏమీ మిగిలేది కాదు. మిగిలింది మీటరు మీద అనుమానం ఒక్కటే.

మన రాష్ట్రంలో చేసేటట్టయితే రాయలసీమలో వ్యవసాయానికి విడిగా ఉన్న ఫీడర్లు కొన్ని ఎంచుకుని, ఇష్టపడినవారితోనే మొదలుపెట్టండి. 5 హెచ్‌పీకి ఒక సీజనుకు ఇన్ని యూనిట్లని కోటా ప్రకటించి, కనీసం ఐదేళ్లు దాన్ని కదపకూడదు. ఈ ఏడు ఆదా చేసినవాడి కోటాను వచ్చే ఏడు కోస్తే పథకం అక్కడితో సరి. కోటా దాటినవారికి కరెంటు ఉచితమే, బిల్లు రాదు. ఈ మాటను జీవోలోనే రాయాలి.

చెడేది ఎక్కడో కూడా చెప్పాలి. సరఫరా తొమ్మిది గంటలకు బదులు ఆరు గంటలే ఇస్తే, ఆ కోతంతా రైతు ఆదాగా లెక్కకొస్తుంది. అందుకని ఫీడర్ ఎన్ని గంటలు నడిచిందో దాన్నిబట్టి కోటాను సరిచూడాలి. మీటరు తప్పించి లైనుకు కొక్కెం వేసి తోడితే కాగితం మీద ఆదా పెరుగుతుంది. ఫీడర్ మీటరులోని మొత్తాన్ని పొలం మీటర్ల మొత్తంతో నెలనెలా పోల్చి, తేడా హద్దులో ఉన్న ఫీడర్‌కు అదనపు బోనస్ ఇస్తే పక్క పొలంవాళ్లే కాపలా కాస్తారు. కనెక్షన్ యజమాని పేరున, సేద్యం కౌలు రైతుది అయిన చోట డబ్బు ఎవరికన్నది అన్నిటికంటే చిక్కు. సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకిచ్చే పంట సాగుదారు హక్కు పత్రం) ఉన్నవారికి నేరుగా వేయండి. కార్డు లేని కౌలుదారులకు ముందు కార్డు ఇప్పించండి, లేకుంటే మడికి కాపలా ఉండేది ఒకరు, సొమ్ము తీసుకునేది మరొకరు అవుతుంది.

ధర ఒక్కటే అన్నీ చక్కదిద్దుతుందని మేం అనడం లేదు. ఒక రైతు మిగిల్చిన నీటిని పక్క బోరు లాగేస్తుంది. డ్రిప్ పెట్టి ఆదా చేసిన నీటితో ఇంకో ఎకరం తడిపేవారూ ఉన్నారు. అందుకే ఊరి స్థాయిలో నీటి లెక్క కావాలి. రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే ఏపీఎఫ్ఏఎంజీఎస్ ప్రాజెక్టులో ఏడు కరువు జిల్లాల రైతులు వాన, బోరు మట్టాలు తామే కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటల బడ్జెట్ వేసుకున్నారు. ఆ లెక్కకు ఈ ధర తోడైతే రెండూ నిలబడతాయి.

డబ్బు ఆలస్యమైతే నమ్మకం పోతుంది. విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీని ప్రభుత్వం ముందుగానే చెల్లించాలి. మిగులు సొమ్మునూ అలాగే సీజనుకు ముందే విడి ఖాతాలో ఉంచి, మీటరు రీడింగ్ తీసిన నెలలోపు రైతుకు వేయాలి. డిస్కమ్‌లు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను నవంబరు చివరిలోగా రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్‌సీకి ఇవ్వాల్సి ఉంటుంది. అందులో ఈ చెల్లింపును విడి పద్దుగా చూపించమని మీరు ఆదేశిస్తే, ఏప్రిల్ 1 నుంచి టారిఫ్‌తో పాటే ఇదీ అమల్లోకి వస్తుంది.

ఇట్లు,
విద్యుత్ పంపిణీ, భూగర్భ జలాల పనిలో ఉన్న కొందరం