ఉన్నదున్నట్టు అమ్మలేదు: పాత తెరచాప పడవ గురించి ఫిర్యాదు

నల్గొండ,
12.02.2025

మేనేజర్ గారికి,

పోయిన నవంబర్‌లో మీ దగ్గర 22 లక్షలకు 36 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాను. 24 ఏళ్లు ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసి ఇంటికొచ్చినవాణ్ణి. సముద్రం లేని నల్గొండలో ఉంటూ పడవెందుకని మా ఇంటామె అప్పుడే అడిగింది.

"2019లో రిగ్గింగ్ మొత్తం కొత్తది, డెక్ గట్టిది, దూరప్రయాణానికి సిద్ధం" అని మీ ప్రకటనలో ఉంది. కొచ్చిలో పడవ నా చేతికొచ్చిన రెండో రోజే రిగ్గింగ్ చూశాను, అంటే మాస్టును (తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని) నిలబెట్టే స్టీలు వైర్లు. వైరు ఫిట్టింగులోకి దూరే చోట తుప్పు చార, గోరు పెడితే తగిలే సన్నని పగులు. మామూలుగా పదేళ్లు దాటితే ఈ వైర్లు మార్చమంటారు. ఇవి పడవతోపాటే పుట్టినట్టున్నాయి. నడిసముద్రంలో ఒకటి తెగితే మాస్టే కూలుతుంది. మార్చిన బిల్లు పంపమని మూడు మెయిళ్లు పెడితే "చూసి చెబుతాం సార్" అన్నారు, అంతే.

ఆ తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో డెక్ (పడవ మీద నడిచే పైభాగం) అంతా తట్టుకుంటూ వెళ్లాను. ముందువైపు ఠంగుమంది. మాస్టు పక్కకు రాగానే ఓటి కుండ చప్పుడు. ఫైబర్ పొరల మధ్య ఉండే బాల్సా చెక్క నీళ్లు దిగి కుళ్లింది. ఒక స్క్రూ విప్పితే దాని వెంట నల్లటి తడి పొట్టు వచ్చింది, వడకట్టిన టీ పొడిలాగా. ఫొటో జత చేశాను.

డీజిల్ ఇంజన్ మాత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. గాలిని బట్టి చుక్కాని తిప్పే విండ్‌వేన్ కూడా బాగుంది. పడవ మీద నాకు కోపం లేదు.

"పాత వస్తువు, ఉన్నదున్నట్టు అమ్మాం" అన్నారు మీవాళ్లు. లేనిది ఉన్నట్టు రాశారు కదా! ఎద్దును కొన్నా పళ్లు చూసి కొంటాం, పడవను పరీక్షించే సర్వేయరును నేను సొంతంగా పెట్టుకోకపోవడం నా తప్పే. కానీ "మొన్ననే సర్వే అయింది" అన్నది మీరు. ఆ రిపోర్టూ రాలేదు.

వైర్లకూ డెక్ రిపేరుకూ కొచ్చి యార్డు ఇచ్చిన ఎస్టిమేట్ 3,80,000 రూపాయలు. అది 15 రోజుల్లో ఇవ్వండి, లేదా పడవ తీసుకుని నా డబ్బు వాపసు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చు. 50 లక్షల లోపు కొనుగోలు కాబట్టి జిల్లా కమిషన్‌లోనే. వాయిదాలకు మీరే నల్గొండ రావాల్సి ఉంటుంది.

2019 బిల్లు నిజంగా ఉంటే ఇవాళే పంపండి, వైర్ల సంగతి వదిలేస్తాను.

ఇట్లు,
పడవ కొన్న కస్టమర్